ఆవకాయ నీళ్ళు తాగిన చేమంతి

మొక్కలకు నీళ్ళు పోసే ముందు నేను చెంబులో వేలు ముంచి ఒక చుక్క నాలిక మీద వేసుకుంటాను. గుడివాడలో మా పక్కింటావిడ ఈ తంతు చాలా రోజులు పిట్టగోడ మీంచి చూసి చూసి, ఒకనాడు ఉండబట్టలేక అడిగింది.

"ఏమండీ, అది తీర్థమాండీ?"

"కాదండీ, భయం," అన్నాను.

ఆవిడకు అర్థం కాలేదు. అర్థమయ్యేట్టు చెప్పాలంటే ఒక మనిషిని గురించి చెప్పాలి. చెప్పడం మొదలుపెట్టాను గానీ, ఇంతలో ఆవిడ పొయ్యి మీద పాలు పొంగాయి. ఆ మనిషి పోయాడని మొన్న రోహిణి కార్తెలో కబురు వచ్చింది. అందుకని ఆవిడకు సగంలో ఆపేసింది ఇక్కడ పూర్తి చేస్తున్నాను.

పెళ్ళయిన కొత్తలో మేము బెజవాడలో కాపురం ఉన్నాం. మా ఆయన కాలవల ఆఫీసులో గుమాస్తా. కాలవ ఒడ్డున ఇంజనీరుగారి బంగళా, దాని వెనక మాలాంటి గుమాస్తాల ఇళ్ళు ఆరు, ఆ ఆరిళ్ళకూ కలిపి ఒకే బావి. బంగళా ముందు పెద్ద తోట ఉండేది. పచ్చిక, దాని చుట్టూ గోరింట కంచె, నడిచే దారికి రెండు వైపులా క్రోటన్ల కుండీలు, మెట్ల దగ్గర నూరువరహాల పొదలు. తినడానికి పనికొచ్చే మొక్క అందులో ఒక్కటి లేదు. మా పుట్టింట్లో పెరడంటే బచ్చలి, దొండపాదు, కరివేపాకు. చూసుకోడానికే మొక్కలు పెంచుతారని నాకు బెజవాడ వచ్చేదాకా తెలియదు.

ఆ తోట తాత చేతిలో ఉండేది. ఆఫీసు కాగితాల్లో ఆయనకొక పేరు ఉండే ఉంటుంది. అందరూ మాలీ అనేవారు, నేను తాతా అనేదాన్ని. అసలు పేరు అడగాలని అప్పట్లో తోచలేదు, తోచిన తర్వాత అడగడానికి మొహమాటమయింది.

మంగళగిరి మనిషి. యాభై దాటేదాకా మగ్గం నేసి, తర్వాత ఏరు దాటి వచ్చి తోటమాలి అయ్యాడు. మనిషైతే దాటాడు గానీ చేతులు ఇంకా అవతలి ఒడ్డునే ఉండేవి. ఏ పని చేస్తున్నా ఒక దారపు ముక్క పెదాల మధ్య పట్టుకునేవాడు. తీగను కర్రకు కట్టాలన్నా, కంచె సందు మూయాలన్నా ఆ దారమే. ఆయన వేసిన ముడి వేలితో తడిమితే తగిలేది కాదు. కుండీలు వరస పెట్టాలంటే ఆ చివరా ఈ చివరా మేకులు దిగ్గొట్టి నూలు లాగి, ఆ నూలును వేలితో మీటి చూసేవాడు. అది ఆయనకు నచ్చినట్టు మోగాలి. మోగకపోతే మేకు పీకి మళ్ళీ కొట్టేవాడు.

మొక్కలతో ఒకటే తగువు. నూరువరహాల పొదను పట్టుకుని, "తినేది తినటం, పండుకునేది పండుకోటం. పువ్వు పెట్టటానికి మాత్రం ఒళ్ళొంగదు," అని సాధించేవాడు. ఇంజనీరుగారి భార్య వరండాలో నిలబడి పురమాయించే పనులకు మాత్రం ఎంతో వినయంగా "చిత్తమండీ" అనేవాడు. చిత్తమంటే ఆయన భాషలో చెయ్యనని అర్థం. ఈ సంగతి ఆవిడకు తప్ప మా ఆరిళ్ళ వాళ్ళందరికీ తెలుసు.

ఆయన పనితనం చూడాలంటే ఎండాకాలం చివర చూడాలి. రోహిణి ఎండలకు రోళ్ళు పగులుతాయంటారు. బెజవాడలో ఆ పగలడం కొండ మీంచి మొదలవుతుంది. పగలంతా కాగిన కొండ సాయంత్రానికి ఆ వేడంతా మన మీదికి వదులుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మరమ్మతులకని కాలవలు కట్టేస్తారు. పడవలు బురదలో ఒరిగి ఉంటాయి. మా బావిలో బొక్కెన మునగడం మానేసి పక్కకు పడుకునేది. జూన్ నెలలో మళ్ళీ కాలవకు నీళ్ళు వదిలేదాకా తోటను ప్రాణంతో నిలబెట్టాలి.

తాత తెల్లవారకముందే వచ్చేవాడు. కుండీలన్నీ దారి మీంచి తీసి వేపచెట్టు కింద ఒకదానికొకటి ఆనించి పెట్టేవాడు. మొదళ్ళలో కొబ్బరి పీచు కప్పేవాడు. ఓటి ముంతలు ఏరి తెచ్చి, అడుగున చిల్లులో నూలు వత్తి దోపి, కుండీకొకటి చొప్పున మట్టి మీద కూర్చోబెట్టేవాడు. పొద్దున్న ముంత నింపితే వత్తి వెంట బొట్టు బొట్టుగా సాయంత్రందాకా దిగేది. 'చెంబు నీళ్ళు మొక్క నెత్తిన కుమ్మరిస్తే సరిపోదా' అన్నాను ఒకసారి.

"నీళ్ళు మొక్కకి కాదు అమ్మాయిగారూ, మట్టికి పొయ్యాలి. మొక్క సంగతి మట్టి చూసుకుంటది."

మాడిన ఆకుల్ని తుంచనిచ్చేవాడు కాదు. అవి కింది ఆకులకు గొడుగులట. తోట వెలవెలబోతోంది, ఎండుటాకులు ఏరెయ్యమని ఇంజనీరుగారి భార్య రోజూ చెప్పేది. చిత్తమండీ అనేవాడు.

యుద్ధం రోజులు. బియ్యానికి కరువు, కిరసనాయిలుకు కరువు. ఒక వేసవిలో పైనుంచి ఉత్తరువు వచ్చింది. బంగళాల్లో అలంకారానికి పెంచే తోటలు తీసేసి కూరగాయలు వెయ్యాలి, కాలవ నీళ్ళు వదిలేసరికి నేల సిద్ధంగా ఉండాలి. మా ఆయనే ఆ కాగితం చదివి వినిపించారు. తాత గొడవ చేస్తాడనుకున్నాను. తలపాగా విప్పి, దులిపి, మళ్ళీ చుట్టుకున్నాడు.

"వంకాయ పువ్వు మాత్రం పువ్వు కాదేంటండీ," అన్నాడు.

పచ్చిక తవ్వేశాడు, నూరువరహాలు పీకేశాడు. క్రోటన్లు ఏదో ఆఫీసుకు బండి మీద వెళ్ళాయి. ఆ సాయంత్రం మా వీధి అరుగు దగ్గరకు వచ్చి, పెదాల మధ్య దారం తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆ దారం తీశాడంటే అడగబోయేది చిన్న సంగతి కాదు.

"అమ్మాయిగారూ, పన్నెండు కుండీలున్నయ్యి. తెల్ల చేమంతి పిలకలు. మా పాక ముందు నీడ లేదు. మీ వరండాలో పెట్టుకోనిస్తారా? కాలవ వదిలిందాకా."

ఆ చేమంతి బజార్లో దొరికే రకం కాదు. అక్కడ దొరికేవి పచ్చవి. ఇది ఆయన భార్య మంగళగిరి నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చుకున్నది. అక్కడ ఆవిడ పుట్టింటి పెరట్లో ఎప్పుడో అంతరించింది, ఇక మిగిలినవి ఈ పన్నెండు కుండీలే. చేమంతి పూసేది చలికాలమే అయినా అసలు పరీక్ష ఎండాకాలంలో. పూలు అయిపోయాక మొదట్లో వచ్చే పిలకల్ని వానలదాకా బతికించుకుంటేనే మళ్ళీ కార్తీకానికి పువ్వు. ఒక్క వేసవి తప్పితే అంతే.

సరేనన్నాను. నామీద నాకు గొప్ప నమ్మకం అప్పట్లో. బావి ఎండుతోందని అప్పటికే నీళ్ళు పొదుపు చేస్తున్నాను. బియ్యం కడిగిన నీళ్ళు, కూరలు కడిగిన నీళ్ళు అన్నీ పెరట్లో గాబులో పోసి, అవే ముంతల్లో నింపేదాన్ని. తాత అది చూసి, "బంగారంలాంటి అలవాటు," అని మెచ్చుకున్నాడు. ఆ మెప్పే కొంప ముంచింది.

అన్నకూతురి పెళ్ళని తాత మంగళగిరి వెళ్ళాడు. "ఏరు ఎండింది గదా, ఇసకలో పడి నడిచే పోతా. నాలుగో రోజుకి వస్తా," అన్నాడు. సరిగ్గా ఆ మర్నాడే మా ఇంట్లో ఆవకాయ. మా అత్తగారు ఊరి నుంచి కాయలతో దిగారు. ముక్కలు కొట్టించి, ఉప్పూ కారం ఆవపిండీ నూనే కలిపి జాడీలకెత్తేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. మిగిలినవి మూడు పెద్ద బేసిన్లు, ఎర్రగా మెరుస్తూ. అవి కడగడానికి ఎన్ని నీళ్ళు పట్టాయో. ఆ కరువులో అన్ని నీళ్ళు తూములో పారబొయ్యడానికి నాకు మనసొప్పలేదు. బంగారంలాంటి అలవాటు కదా. గాబులో పోశాను.

ఆ సాయంత్రం, మర్నాడు పొద్దున, సాయంత్రం ముంతలు ఆ నీళ్ళతోనే నింపాను. వత్తుల వెంట బొట్టు బొట్టుగా దిగింది. మట్టి చూసుకుంటుందిలే అనుకున్నాను. మూడోనాటికి ఆకుల అంచులు కాలినట్టయ్యాయి. ఎండ దెబ్బ అనుకుని ఇంకో ముంత పోశాను. నాలుగో రోజు పొద్దున తాత వచ్చేసరికి పన్నెండు కుండీల్లోనూ పిలకలు మెడలు వాల్చేసి ఉన్నాయి.

తాత వంగి ఒక ఆకును రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపాడు. కుండీలో మట్టి చిటికెడు తీసి వాసన చూశాడు. తర్వాత దాన్ని నాలిక మీద పెట్టుకున్నాడు. నేను గడప దగ్గర నిలబడి ఉన్నాను.

"ఉప్పు బాగా కుదిరింది అమ్మాయిగారూ," అన్నాడు. "ఈ ఏడు మీ ఆవకాయ బాగుంటది."

ఆ మాట అని అరుగు మీద కూర్చుండిపోయాడు. దారం పెదాల మధ్య పెట్టుకోబోయి మళ్ళీ తీసేశాడు. తిట్టి ఉంటే బాగుండేది. నాకు అంతకు ముందూ ఆ తర్వాతా కూడా తిట్లు తినాలని అంతగా అనిపించలేదు. చివరికి మోకాళ్ళ మీద చేతులానించి లేచాడు.

"కడగాలి. పిలకల వేళ్ళన్నీ కడగాలి. ఈ బావి చాలదు. ఏట్లో చెలమ తీద్దాం."

"నేనూ వస్తాను తాతా."

మా ఆయన లోపల్నుంచి విన్నారు. "కాలవల ఆఫీసు గుమాస్తా పెళ్ళాం ఏట్లో నీళ్ళు మోసిందంటే నా ఉద్యోగం ఉంటుందా?"

"ఉద్యోగం ఉంటుందండీ. మొక్కలే ఉండవు," అన్నాను.

ఆయన అటక మీద ఉన్న రెండో బిందె దించి ఇచ్చారు. మా కాపురంలో నేను మరిచిపోని సంగతుల్లో అదొకటి.

తాత గంపల్లో పిలకలు సర్ది కావడి ఎత్తుకున్నాడు. నేను బిందెతో వెనక నడిచాను. ఆనకట్ట దిగువన కృష్ణ అంతా ఇసకే. ఎండ ఇంకా ముదరలేదు గానీ అరికాళ్ళు అప్పుడే చురుక్కుమంటున్నాయి. తడి తగిలే చోటు కాలితో పోల్చి, తాత మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో ఇసక తోడాడు. మొదట ఊరిన బురద నీళ్ళు చెంబుతో తోడి పారబోశాడు. రెండోసారి నీళ్ళు ఊరి తేరుకునేదాకా ఇద్దరం కూర్చున్నాం. తేరుకున్నాక వేలు ముంచి నాలిక మీద వేసుకున్నాడు.

"ఇక మీదట రుచి చూసి పొయ్యండి. కన్ను మోసం చేసుద్ది గానీ నాలిక చెయ్యదు."

ఒక్కొక్క పిలకా తీసి, మట్టంతా రాల్చి, వేళ్ళను నీళ్ళలో ఆడించి, మళ్ళీ చెలమ తోడి, మళ్ళీ ఆడించాడు. పసిపిల్లకు నీళ్ళు పోసినట్టే పోశాడు. నాలుగైదు అయ్యాక ఒకటి నాకేసి చాపాడు.

"వేరు తెల్లగా ఉందా, నల్లబడిందా?"

"నీకు కనపడటం లేదా తాతా?"

ఆ వేరును వేలి కొసతో తడిమాడు. అది చూస్తుంటే నాకు అన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆకును వేళ్ళతో నలపడం, నూలు లాగి మీటడం, మట్టి వాసన చూడడం. పనితనం అనుకున్నవన్నీ కళ్ళు చెయ్యాల్సిన పని చేతులతో చేసుకోడమే.

"దారం తెగిన చోటు కనపడకే గదా మగ్గం దిగింది," అన్నాడు. "ఇక్కడికొచ్చినాక ఎరుపూ పచ్చా కూడా కలిసిపోయినయ్యి. క్రోటన్లన్నీ నాకు ఒకటే. తెలుపు ఒక్కటే తెలుస్తది, అదీ పువ్వంత ఉంటేనే. కార్తీకంలో పొద్దున్నే తడిక తీస్తే, అదుగో పూసినయ్యి అని నా అంతట నాకే తెలుస్తది. ఎవురూ చెప్పక్కర్లా. ఆఫీసులో అనమాకండి అమ్మాయిగారూ."

నేను చేసిన పని అప్పటిదాకా మొక్కలు మాడ్చడం అనుకున్నాను. అదెంత పనో చెలమ దగ్గర తెలిసింది. ఏడుపు ఆగలేదు. చెప్పుకోడానికి సిగ్గెందుకు, పైకే ఏడ్చాను.

తాత చెలమకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇక్కడ కూర్చుని ఏడవమాకండి. మళ్ళీ ఉప్పు."

ఏడుస్తూనే నవ్వాను. ఆ తర్వాత కొస పిలకదాకా వేళ్ళ రంగు నేను చెప్పాను, ఆయన కడిగాడు. కాలవ పూడిక తీసిన కొత్త మట్టి తెచ్చి కుండీలు నింపాడు. వారం రోజుల పాటు పొద్దున్నే ఇద్దరం ఏటికి వెళ్ళి ముంతలకు సరిపడా నీళ్ళు తెచ్చాం. మా అత్తగారు మొదటి రెండు రోజులు ముక్కు మీద వేలేసుకున్నారు. మూడోనాడు, "చిన్న బిందె కూడా పట్టుకెళ్ళవే, వంటకు తియ్యగా ఉంటాయి," అన్నారు.

అయినా ఒక్కో కుండీ పోతూ వచ్చింది. కాలవ వదిలేనాటికి పన్నెండింటిలో ఒక్క కుండీ నిలిచింది, అందులో మూడు పిలకలు. వాటిని తాత తీసుకుపోతాడని కడిగి ముగ్గు పెట్టిన అరుగు మీద ఆ కుండీ సిద్ధంగా ఉంచాను. నా చేతుల్లోంచి పోతే చాలునని కూడా ఉంది. తాత వచ్చి, మూడు పిలకలూ వేలితో తడిమి, కుండీని మళ్ళీ వరండాలోకి జరిపాడు.

"ఇక్కడే ఉండనివ్వండి."

"నా దగ్గరా?"

"మీకిప్పుడు భయం ఉంది గదా. నా చేతికి లేదు. భయం ఉన్న చేతిలో మొక్క బతుకుద్ది."

బంగళా ముందు వంగ మొక్కలు లేచాయి. నూలు లాగి నాటిన వరసలు. పై నుంచి ఎవరో తనిఖీకి వచ్చి, వంగతోట ఇంత తిన్నగా ఉండడం ఎక్కడా చూడలేదన్నారట. తాత చిత్తమండీ అన్నాడట. కార్తీకంలో ఒక తెల్లవారుజామున మా వాకిట్లో దగ్గు వినపడితే తలుపు తీశాను. తాత వీధి తడిక దగ్గరే నిలబడి, లోపలికి రాకుండా, వరండాకేసి చెయ్యి చూపించాడు.

"అయిదు," అన్నాడు.

ఆకు చాటున సగం విచ్చింది ఇంకొకటి ఉంది. దిద్దబుద్ధి కాలేదు. "అయిదే తాతా," అన్నాను.

రెండేళ్ళకు మాకు గుడివాడ బదిలీ అయింది. పిలకలు చెరిసగం పంచుకున్నాం. మా ఆయన ఆఫీసు పని మీద బెజవాడ వెళ్ళినప్పుడల్లా చిన్న జాడీలో ఆవకాయ పంపేదాన్ని. ప్రతిసారీ ఒకటే కబురు వచ్చేది: "బాగుంది గానీ, చేమంతులకి పోసినంత కుదర్లేదని చెప్పండి."

మొన్న ఎండ నెత్తి మీదికి రాకముందే ఒక ముసలావిడ బెజవాడ రైలు దిగి, మా ఇల్లు వాకబు చేసుకుంటూ వచ్చింది. ముఖం చూడగానే తెలిసింది. కూర్చోమంటే గడప బయటే కూర్చుంది.

"పోయి నెల దాటిందమ్మా," అంది తాత భార్య. "మంచంలో పడ్డాక నేనాయన్ని చూసుకునేదా, కుండీల్ని చూసుకునేదా? మాయి మొత్తం మాడిపోయినయ్యి. పోయే రెండ్రోజుల ముందర అది చెప్పా. ఏం బాధపడలా. అమ్మాయిగారి దగ్గర ఉంటయ్యి, పోయి అడుగు అన్నాడు. ఈ ఎండలకి ఆవిడ దగ్గర మాత్రం ఉంటయ్యా అన్నా. ఉంటయ్యి, ఆవిడకి భయం, అన్నాడు."

ఉన్నాయి. ఎనిమిది కుండీలు, వేపచెట్టు నీడన, మాడిన ఆకులు తుంచకుండా. వాటిని చూసి ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మంచి పిలకలు ఏరి మట్టితో సహా తీశాను. చుట్టడానికి ఆవిడ తన సంచిలోంచి పాత మంగళగిరి గుడ్డ ముక్క తీసి, తడపడానికి కాసిని నీళ్ళు ఇవ్వమంది. నేను లోపలికి వెళ్ళి చెంబుతో తెచ్చి ఇచ్చాను.

ఆవిడ గుడ్డ తడపబోయి ఆగింది. చెంబులో వేలు ముంచి, ఒక చుక్క నాలిక మీద వేసుకుంది. నేను చూస్తున్నానని గమనించి సిగ్గుపడింది.

"ఏమనుకోమాకమ్మా. మా ఇంట్లో అలవాటు."

"అనుకోను," అన్నాను. లోపల నేను రుచి చూసే తెచ్చానని చెప్పలేదు.